పాతదైతేనే మతమా?

‘పేగన్’ లాటిన్ నుంచి వచ్చిన మాట. దాని మూలంలో పల్లెటూరివాడు అనే అర్థం ఉంది. రోమ్ సామ్రాజ్యంలో క్రైస్తవం రాజమతం అయ్యాక, పాత దేవతలను వదలనివాళ్ళను చిన్నచూపుతో అలా పిలిచారు. ఇంగ్లీషులో ‘హీథెన్’ అనే ఇంకో మాట ఉంది. బీడుభూముల్లో బతికేవాడు అనే అర్థం నుంచి అది పుట్టిందంటారు. ‘అడివోడు’ అనే మాటను తిట్టుగా వింటూ పెరిగిన మనకు ఈ సంగతి విప్పి చెప్పక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో యూరప్, అమెరికాల్లో చాలామంది ఆ తిట్టునే తమ పేరుగా పెట్టుకున్నారు. చర్చికి దూరమై చెట్టుకూ చంద్రుడికీ రుతువులకూ పండగలు చేసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో విక్కా వాళ్ళున్నారు, ఉత్తర దేశాల పాత దేవతలను కొలిచే ఆసాత్రు వాళ్ళున్నారు, లిథువేనియాలో రొమువా వాళ్ళున్నారు. వీళ్ళందరినీ కలిపి ఆధునిక పేగన్లు అంటున్నారు.

ఈ మధ్య మన యువకుల సభల్లో ఒక మాట తరచు వినిపిస్తోంది. “చూడండి, తెల్లవాళ్ళు కూడా ప్రకృతి మతానికి తిరిగి వస్తున్నారు. వాళ్ళూ మనమూ ఒకటే.” వినడానికి బాగుంటుంది. మన పిల్లలకు కాస్త ధైర్యం కూడా వస్తుంది. కానీ ఒప్పుకునే ముందు వాళ్ళ కథ ఏమిటో, దేశాలు వాళ్ళను ఎలా ఒప్పుకున్నాయో, అందులో మనకు పనికొచ్చేది ఏదో, పనికిరానిది ఏదో చూడాలి. దానికి రెండు పుస్తకాలు సాయం చేస్తాయి. ఒకటి మార్గో ఆడ్లర్ 1979లో రాసిన ‘డ్రాయింగ్ డౌన్ ద మూన్’. రెండోది రొనాల్డ్ హట్టన్ 1999లో రాసిన ‘ద ట్రయంఫ్ ఆఫ్ ద మూన్’.

పగిలిన కథ, నిలిచిన మతం

విక్కా మతం తన పుట్టుక గురించి మొదట్లో ఒక పెద్ద కథ చెప్పుకుంది. ఆ కథకు ఊపిరి పోసింది మార్గరెట్ ముర్రే. ఆమె ఈజిప్టు చరిత్ర పరిశోధకురాలు. యూరప్‌లో మంత్రగత్తెలని చంపేసిన ఆడవాళ్ళు నిజానికి క్రైస్తవానికి ముందున్న పాత మతం మనుషులని ఆమె 1921లో ఒక పుస్తకం రాసింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే రిటైరైన కస్టమ్స్ అధికారి ‘విచ్‌క్రాఫ్ట్ టుడే’ అనే పుస్తకం వేశాడు. ఆ పాత మతం చావలేదు, రహస్యంగా బతికే ఉంది, నేనూ అందులో చేరాను అన్నాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1951లోనే, ఇంగ్లండ్‌లో మంత్రవిద్యపై ఉన్న పాత చట్టం రద్దయింది. కాబట్టి ఆ మాట బయటికి చెప్పడానికి వీలు దొరికింది.

హట్టన్ బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడు. ఆయన ఈ కథను ఒక్కొక్క పోగూ విడదీసి చూశాడు. పాత మతం ఒకటి తెగకుండా నేటిదాకా వచ్చిందనడానికి ఆధారం దొరకలేదు. పందొమ్మిదో శతాబ్దపు కవులు అడవి దేవుణ్ణీ భూదేవినీ పాడుకున్న పాటలు, ఫ్రీమేసన్ల రహస్య సంఘాల ఆచారాలు, నగరాల్లోని మంత్రతంత్ర సమాజాలు, ఊరి నాటువైద్యుల పద్ధతులు దొరికాయి. ఇవన్నీ కలిసి ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లండ్‌లో విక్కా తయారైందని ఆయన తేల్చాడు. చంపబడిన మంత్రగత్తెలు తొంభై లక్షల మంది అని ప్రచారంలో ఉన్న అంకె కూడా నిలబడలేదు. చరిత్రకారుల లెక్కల్లో అది నలభై నుంచి అరవై వేల మధ్య ఉంది. అంతమందిని చంపడమే ఘోరం. దాన్ని వందల రెట్లు పెంచి చెప్పడం వల్ల నిజంగా చచ్చిపోయినవాళ్ళ మీదే అనుమానం వచ్చేలా అయింది. తరగతి గదిలో పాఠం చెప్పే టీచర్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

పుట్టుక కథ పగిలితే మతం కూడా పగలాలి కదా? పగల్లేదు. కొందరు హట్టన్ మీద కోప్పడ్డారు. చాలామంది మాత్రం “మా మతం కొత్తదే, అయితే ఏం?” అన్నారు. అలా ఎందుకన్నారో ఆడ్లర్ పుస్తకం చదివితే తెలుస్తుంది. ఆమె రేడియో విలేకరి, తాను కూడా పేగనే. దేశమంతా తిరిగి వాళ్ళతో మాట్లాడింది, ప్రశ్నల పత్రాలు పంచి జవాబులు తెప్పించుకుంది. ఎవరో బోధించగా వాళ్ళు ఇందులోకి రాలేదు. ఎప్పటినుంచో మనసులో ఉన్నదానికి పేరు దొరికిందని వాళ్ళు చెప్పారు. హట్టన్ వేరు ఎక్కడుందో చూశాడు, ఆడ్లర్ నీడలో ఎవరు కూర్చున్నారో చూసింది. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సినవి.

ప్రభుత్వం దేన్ని చూసి ఒప్పుకుంది?

ఇక గుర్తింపు సంగతి. మూడు దేశాలు చూద్దాం.

ఐస్‌లాండ్ వెయ్యో సంవత్సరం ప్రాంతంలో క్రైస్తవంలోకి మారిన దేశం. అక్కడ 1972లో కొద్దిమంది కలిసి పాత దేవతల సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ పెద్ద స్వేన్‌బ్యోర్న్ బేంటేన్సన్, గొర్రెలు కాచుకునే రైతు, కవి. 1973లోనే ప్రభుత్వం వాళ్ళను మతంగా నమోదు చేసింది. నమోదైన మతాలకు పన్నుల్లోంచి సభ్యుల సంఖ్యను బట్టి వాటా అందుతుంది. ఇప్పుడు వాళ్ళ సభ్యులు ఐదు వేలు దాటారు. మొత్తం జనాభాయే నాలుగు లక్షల లోపు ఉన్న దేశంలో అది చిన్న సంఖ్య కాదు. తమ పూజ వెయ్యేళ్ళుగా తెగలేదని వాళ్ళు చెప్పుకోలేదు. పాత కథలను ప్రకృతి శక్తుల గురించిన కవిత్వంగా చూస్తామని ఇప్పటి పెద్ద, సంగీతకారుడు హిల్మర్ ఓర్న్ హిల్మర్సన్ బహిరంగంగానే చెప్పాడు.

అమెరికాలో దారి కోర్టుల గుండా పోయింది. 1986లో వర్జీనియా జైలు ఖైదీ ఒకరు వేసిన కేసులో, విక్కా కూడా మతమేనని ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పుకుంది. అంతమాత్రాన రాజకీయం ఊరుకోలేదు. 1999లో టెక్సస్ సైనిక శిబిరంలో విక్కా సైనికుల పూజ వార్తల్లోకి వచ్చింది. దాన్ని ఆపాలని ఒక కాంగ్రెస్ సభ్యుడు పట్టుబట్టాడు. మంత్రవిద్య మతమని తాను అనుకోవడం లేదని అప్పటి టెక్సస్ గవర్నర్ జార్జి బుష్ టీవీలో అన్నాడు. తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యాడు. అఫ్ఘనిస్తాన్‌లో 2005లో చనిపోయిన ఒక విక్కా సైనికుడి గుర్తు ఫలకం మీద వాళ్ళ అయిదు కోణాల చుక్క చెక్కడానికి అధికారులు ఒప్పుకోలేదు. శిలువ ఉండొచ్చు, ఇతర మతాల గుర్తులు ఉండొచ్చు, ఇది ఉండకూడదట. ఆయన భార్య, ఇంకొందరు పోరాడి కేసు వేస్తే 2007లో రాజీకి వచ్చి అనుమతి ఇచ్చారు. దేశం కోసం చచ్చినా నీ గుర్తు నీకు దక్కాలంటే కోర్టుకెక్కాల్సిందే.

మూడోది లిథువేనియా. యూరప్‌లో అందరికంటే ఆఖరున, 1387లో, క్రైస్తవంలోకి వెళ్ళిన రాజ్యం అది. అక్కడి ఊళ్ళలో పాత పాటలు, నిప్పు పూజలు, పాముల మీద గౌరవం చాలాకాలం మిగిలాయి. 1967లో యోనాస్ ట్రింకూనాస్ వంటివాళ్ళు కెర్నవే గుట్టల మీద వేసవి పండగను మళ్ళీ మొదలుపెట్టారు. సోవియట్ ప్రభుత్వం 1971లో వాళ్ళ సంఘాన్ని మూయించింది. ట్రింకూనాస్ ఉద్యోగం పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1992లో రొమువా పేరుతో నమోదయ్యారు.

అసలు వింత ఇక్కడే ఉంది. 1995లో చేసిన చట్టం తొమ్మిది మతాలను ‘సంప్రదాయ మతాలు’గా పేర్కొంది. ఆ నేల మీద అన్నిటికంటే ముందున్న నమ్మకం ఆ జాబితాలో లేదు. మిగతావాళ్ళు నమోదైన పాతికేళ్ళ తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. గుర్తింపు వస్తే వాళ్ళు చేసే పెళ్ళికి చట్టబద్ధత వస్తుంది, బడిలో తమ మతం చెప్పుకోవచ్చు. రొమువా వాళ్ళు పాతికేళ్ళు ఓపికపట్టి 2017లో అడిగారు. న్యాయశాఖ సరేనంది. కాథలిక్ బిషప్పులు అభ్యంతరం చెప్పారు. 2019లో పార్లమెంటు తోసిపుచ్చింది. 2021 జూన్‌లో యూరప్ మానవహక్కుల కోర్టు ఇది వివక్షేనని, నమ్మకాల విషయంలో ప్రభుత్వం పక్షం వహించకూడదని తీర్పు చెప్పింది. చివరికి 2024 డిసెంబర్‌లో పార్లమెంటు గుర్తింపు ఇచ్చింది.

ఇప్పుడు మూడింటినీ కలిపి చూడండి. కొత్తదని రుజువైన విక్కాకు గుర్తింపు దొరికింది. పాత మూలాలున్న రొమువాను ఏళ్ళ తరబడి గుమ్మం బయటే నిలబెట్టారు. కాబట్టి ‘మాది పాతది’ అనేది తాళంచెవి కాదు. ఎదుటివాడికి ఉన్న హక్కు నాకెందుకు లేదన్న సమానత్వ ప్రశ్నే తలుపు తీసింది. ఎంత పాతదో కొలిచే కర్ర ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం, అది తనకు కావలసినంతే కొలుస్తుంది.

ఒకే మాట, రెండు నోళ్ళు

పేగన్లందరి రాజకీయం ఒకటే అనుకుంటే పొరపాటు. అమెరికాలో స్టార్‌హాక్ అనే రచయిత్రి బృందం అణు విద్యుత్ కేంద్రాలకు అడ్డంగా కూర్చుని అరెస్టయింది. భూమి తల్లి అన్న నమ్మకం నుంచే వాళ్ళకు ఆ తెగింపు వచ్చింది. అదే అమెరికాలో కొన్ని ఆసాత్రు బృందాలు యూరప్ రక్తం ఉన్నవాళ్ళకే ఈ దేవతలు చెందుతారని అంటున్నాయి. హిట్లర్ మనుషులు ఉత్తర దేశాల పాత అక్షరాలను తమ యూనిఫాంల మీద వేసుకున్న సంగతి లోకానికి తెలుసు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనంలోకి దూసుకెళ్ళిన గుంపులో, కొమ్ముల టోపీ పెట్టుకున్న మనిషి ఒంటి మీద కూడా ఆ దేవతల గుర్తులే పచ్చబొట్లుగా ఉన్నాయి.

దీనికి వాళ్ళలోంచే ఎదురు వచ్చింది. రక్తం పేరు చెప్పి మనుషుల్ని బయట పెట్టే బృందంతో తమకు సంబంధం లేదని 2016లో నూటికి పైగా సంఘాలు కలిసి ప్రకటించాయి. ఐస్‌లాండ్ సంఘం ఆడ-ఆడ, మగ-మగ పెళ్ళిళ్ళకు అండగా నిలిచినందుకు 2015లో పరదేశపు పేగన్ల నుంచే తిట్ల ఉత్తరాలు అందుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు.

మనం ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా పట్టుకోవాలి. ‘ఈ నేల మాది, ఈ దేవతలు మా పూర్వీకులవి’ అనే మాట ఇద్దరి నోటా వస్తుంది. అధికారం, భూమి, పోలీసు అన్నీ చేతిలో ఉన్నవాడు అంటే అది బతుకుతెరువు కోసం వచ్చిన బయటివాణ్ణి వెళ్ళగొట్టడానికి. ఉన్న పోడు చెక్క కూడా పోతున్నవాడు అంటే అది నిలబడ్డానికి. మాట ఒకటే, బరువు వేరు. అందుకే “వాళ్ళూ మనమూ ఒకటే” అనే ముందు ఏ వాళ్ళు, ఎవరి మీద ఆ మాట అంటున్నారు అని అడగాలి.

ఇంకో చిన్న హెచ్చరిక. అక్కడి స్త్రీలు ‘విచ్’ అనే పేరును గర్వంగా పెట్టుకుంటున్నారు. దాన్ని మనం తెలుగులోకి అలాగే దించుకోకూడదు. చిల్లంగి, చేతబడి అనే అనుమానంతో ఒంటరి ఆడవాళ్ళనూ ముసలివాళ్ళనూ కొట్టి చంపే పీడ మన గూడేల్లో ఇంకా పోలేదు. అక్కడ చరిత్రలో కలిసిపోయిన భయం ఇక్కడ ఇవాళ్టి భయం.

గుర్తుకు చోటు, గుట్టకు లేదు

ఈ రెండు పుస్తకాల్లో నాకు కనిపించే పెద్ద లోటు భూమి. ఆడ్లర్ కలిసినవాళ్ళలో ఎక్కువమంది పట్నాల్లో చదువుకుని ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. వాళ్ళు పూజను ఎక్కడికైనా తీసుకుపోగలరు. ఇంటి వెనక పెరట్లో వలయం గీస్తే గుడి అయిపోతుంది. ఆదివాసీ దేవుడు అలా రాడు. నాగోబా కేస్లాపూర్‌లోనే ఉంటాడు. గంగనీళ్ళు తేవడానికి మెస్రం వంశం వాళ్ళు రోజుల తరబడి కాలినడకన పోతారు. ఆ దారి కూడా పూజలో భాగమే.

అమెరికాలోనే దీనికి సాక్ష్యం ఉంది. కాలిఫోర్నియా ఉత్తరాన యురోక్, కరూక్, టొలొవా తెగలకు పవిత్రమైన కొండల గుండా అడవి శాఖ రోడ్డు వేస్తానంది. 1988లో సుప్రీంకోర్టు రోడ్డుకే ఓటు వేసింది. ఆ రోడ్డు వాళ్ళ మతాచారానికి తీరని దెబ్బ కొట్టవచ్చునని ఒప్పుకుంటూనే, ప్రభుత్వ భూమిలో ప్రభుత్వం తన పని చేసుకోవచ్చంది. తర్వాత పార్లమెంటు ఆ ప్రాంతాన్ని రక్షిత అడవిగా ప్రకటించబట్టి రోడ్డు ఆగింది గానీ, మతహక్కు వల్ల ఆగలేదు. పందొమ్మిదేళ్ళ తర్వాత అదే దేశం విక్కా గుర్తును రాతి మీద చెక్కనిచ్చింది. రాతి మీద చుక్క చెక్కితే ఎవరి గనీ ఆగదు, ఎవరి రోడ్డూ మళ్ళదు. అక్కడి మూలవాసులకు ఇంకో బాధ కూడా ఉంది. తమ చెమటగుడారం పూజలను తెల్లవాళ్ళు నేర్చుకుని డబ్బుకు అమ్ముతున్నారని లకోటా ప్రజలు 1993లో యుద్ధ ప్రకటన లాంటిదే చేశారు. దేవుణ్ణి అరువు తెచ్చుకున్నవాళ్ళు ఆ దేవుడి కొండ కోసం కొట్లాడరు.

మన పక్కనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. ఒడిశాలో నియమగిరి కొండ డోంగ్రియా కోందులకు నియమరాజు ఇల్లు. అక్కడ బాక్సైట్ తవ్వకం గురించి 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చమంది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ దేవుడి వయసెంత అని అక్కడ ఎవరూ కొలవలేదు. అటవీహక్కుల చట్టం, గ్రామసభ, నోరు విప్పిన మనుషులు కలిసి కొండను నిలబెట్టారు.

మన గడి, మన జాగ్రత్త

బ్రిటిష్ కాలపు జనాభా లెక్కల్లో ఆదివాసుల నమ్మకాలకు ఏదో ఒక పేరుతో వేరే లెక్క ఉండేది. 1951 నుంచి అది పోయింది. 2011 లెక్కల్లో ‘ఇతర మతాలు’ అన్న గడిలో 79 లక్షల మంది ఉన్నారు. అందులో సర్నా అని చెప్పుకున్నవాళ్ళు 49 లక్షలకు పైగా, గోండు మతమని చెప్పుకున్నవాళ్ళు 10 లక్షలకు పైగా. గడి లేకపోయినా ఇంతమంది పట్టుబట్టి రాయించుకున్నారు. వేరే సర్నా కోడ్ కావాలని 2020 నవంబర్‌లో జార్ఖండ్ శాసనసభ తీర్మానం చేసింది. ఆ కోరిక న్యాయమైనది.

కానీ ఆ కోరికను ఏ పునాది మీద నిలబెడతాం అన్నదే ప్రశ్న. మోతీరావణ్ కంగాలి గోండి పునెం గురించి రాసి, చెదిరిపోయిన పాటలనూ పేర్లనూ ఒకచోట చేర్చాడు. ఆ పని చాలా పెద్దది. కానీ సింధు లోయ ముద్రల మీద రాత గోండీయే అని ఆయన చెప్పినదాన్ని మన మతానికి రుజువుగా వాడుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ లిపిని అందరూ ఒప్పుకునేలా ఇంతవరకు ఎవరూ చదవలేదు. రేపు ఎవరైనా వేరేగా చదివితే మన పెన్ దేవుళ్ళు అబద్ధమవుతారా? ముర్రే కథ మీద కట్టిన ఇల్లు ఏమైందో చూశాం. ప్రధాన్లు, తోటీలు కిక్రీ వాయిస్తూ ఇవాళ పాడుతున్న కథ చాలు. అది ఇవాళ ఉంది, మనుషులు దానితో బతుకుతున్నారు. రాజ్యాంగం 25వ అధికరణం అడిగేది కూడా అంతే. అది మనస్సాక్షికి స్వేచ్ఛ ఇచ్చింది, వయసు ధ్రువపత్రం అడగలేదు.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. వేరే మతంలోకి పోయిన ఆదివాసీలను షెడ్యూల్డ్ తెగల జాబితా నుంచి తీసెయ్యాలని కొందరు గొంతెత్తుతున్నారు. చట్టంలో ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. మనం గడి అడిగేది మన పేరు మనం రాసుకోవడానికి. చర్చికి పోయే అన్న పేరు కొట్టేయడానికి కాదు. ‘ఈ దేవతలు ఈ రక్తానికే’ అన్న పరదేశపు గుంపుల బాటలో మనం ఒక్క అడుగు వేసినా, భూమి మీద మన ఐక్యత అక్కడే తెగుతుంది. 1/70 చట్టం కోసం, గ్రామసభ కోసం కొట్లాడేటప్పుడు పక్కన నిలబడేది ఆ అన్నే.

టీచర్లకు ఒక మనవి. భూమి పండగకో, కొత్తల పండగకో పిల్లల్ని పెద్దల దగ్గరికి పంపండి. పాట రాసుకోమనండి. ఎవరు పాడారు, ఏ ఊళ్ళో, ఏ రోజున పాడారు అన్నది కింద రాయమనండి. తాత పాడినదానికీ మనవడు పాడేదానికీ తేడా ఉంటే ఆ తేడా కూడా రాయమనండి. మారడం తప్పేమీ కాదు. ‘వేల ఏళ్ళ నాటిది’ అని మాత్రం ఊరికే రాయనివ్వకండి. ‘మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది’ అని రాస్తే చాలు. అది ఎవరూ కొట్టేయలేని సాక్ష్యం.

యువకులకు ఒకటే మాట. ఈసారి లెక్కలవాళ్ళు గుమ్మంలోకి వచ్చి మతమేదని అడిగినప్పుడు, పెన్సిలుతో వాళ్ళే ఏదో రాసుకుపోకుండా చూడండి. మీ నోటితో మీరు చెప్పింది మీ కళ్ళ ముందే రాయించండి. అది ఎంత పాతదని అడిగితే, మేము బతికున్నంత పాతది అని చెప్పండి.